మూఢంలో గుర్రప్పందెం

మే 19, ఆదివారం

సోని స్కూటీ స్టార్ట్ చేశాను. వారానికోసారి చేయకపోతే బ్యాటరీ పోతుందని మెకానిక్ అన్నాడు. ఎవరు నడుపుతారని అతను అడగలేదు, నేను చెప్పలేదు. కాసేపు ఇంజన్ తిరగనిచ్చి ఆపేశాను.

మధ్యాహ్నం కోటేష్ ఫోన్. సోని పోయాక ఆమె వైపు నుంచి నాకు ఫోన్ చేసేది ఈ తమ్ముడొక్కడే.

"వచ్చే ఆదివారం పందాలున్నయి బావా. గుర్రప్పందాలు. మన గుర్రం ఉరుకుతున్నది. నువ్వు రావాలె."

"ఎవరు పెడుతున్నారు?"

"వెంకటనారాయణ సారు. ఏటా ఎడ్లతోని బండ లాగిపిస్తడు గదా. ఈసారి గుర్రాలన్నడు. మూఢం గదా బావా, పెండ్లిళ్లు లేవు. ఖమ్మం, ఇల్లందు, సత్తుపల్లి, యాడ జూసినా బారాత్ గుర్రాలన్నీ ఊకనే తిని పంటున్నయి."

వస్తానన్నాను. పందెం కోసం కాదు. మోతీని తీసుకురావాలి. జూన్ 12న బడులు తెరుస్తారు. భద్రాచలంలో సీటు మాట్లాడి ఉంచాను. ఆ మాటే చెప్పాను. అటువైపు గుర్రం ఎక్కడో సకిలించింది.

"నీ బిడ్డ బావా. మేం వద్దంటమా," అన్నాడు.

వద్దంటారని నేను అనలేదు.


మే 21, మంగళవారం

ఇంటి ఓనరు ప్రమీలారాణి గారికి చెప్పాను, పాప వస్తోందని. ఆమె సంతోషించింది. బడి వదిలాక నేను వచ్చేదాకా తన దగ్గర ఉంచుకుంటానంది.

"జడలు వేయడం వచ్చా మీకు?"

"నేర్చుకుంటాను."

"రోడ్లు వేసేవారు, జడలు వేయలేరా," అని నవ్వింది. నవ్వినందుకు వెంటనే బాధపడినట్టు చీర కొంగు సర్దుకుంది. నా ఎదుట అందరూ ఇలాగే నవ్వి ఆపేస్తున్నారు.

పోయిన సెప్టెంబరులో ఖమ్మం దవాఖానా నుంచి సోనిని తెచ్చిన రోజే కమ్లి, కోటేష్ భార్య, మోతీని చంకనెత్తుకుంది. కొన్నాళ్లు ఉండనీ అన్నా అంది. వానలు తగ్గాక తెచ్చుకుంటానన్నాను. తర్వాత చలి ఎక్కువగా ఉందన్నాను. తర్వాత ఎండలు. వాళ్లకు పిల్లలు లేరు. మోతీ ఉండటం వాళ్లకూ బాగానే ఉండి ఉంటుంది.

నేను వెళ్లి చూడలేదని కాదు. దీపావళికి వెళ్లాను. ఉగాదికి వెళ్లాను. మధ్యలో పని ఎక్కువగా ఉంది.


మే 22, బుధవారం

దుమ్ముగూడెం. కల్వర్టు. పని ఎక్కువగా ఉంది.


మే 23, గురువారం

యూనిఫాం కొన్నాను. నీలం గౌను, తెల్ల చొక్కా. కొట్టతను "ఎంత పాప సార్?" అన్నాడు. చెయ్యి చాచి ఎత్తు చూపించాను. "ఇంకోసారి చూపించండి," అన్నాడు. మళ్లీ చూపించాను. మొదటిసారి చూపించినంత ఎత్తే చూపించానో లేదో తెలియదు.

రెండు రోజులు కొత్తగా ఉంటుంది. తర్వాత అలవాటు పడుతుంది. పిల్లలు త్వరగా అలవాటు పడతారు.


మే 25, శనివారం

ఇల్లు ఊడ్చాను. మంచం గోడ వైపు జరిపాను, పడకుండా.

నా బారాత్ కూడా కోటేష్ వాళ్ల గుర్రం మీదే జరిగింది. అప్పుడు వాళ్ల నాన్న తోలేవాడు. నేను జూలు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. డప్పులు మొదలవగానే అది ముందు కాళ్లు మార్చి మార్చి వేస్తూ ఆడింది, నేను కళ్లు మూసుకున్నాను. ఫోటోలో అలాగే ఉన్నాను. సోని ఇంటికొచ్చిన వాళ్లందరికీ అది చూపించేది. "ఇంజనీరు సారు పెండ్లిల నిద్రపోయిండు," అనేది.

మోతీతో ఇంట్లో లంబాడీ కాదు, తెలుగే మాట్లాడాలని పెట్టుకున్నది నేనే. బడిలో వెనకబడకూడదని. సోని నా ముందు తెలుగు మాట్లాడేది. నేను లేనప్పుడు ఏం మాట్లాడేదో.

రేపు సాయంత్రం బస్సుకు ఇద్దరం వచ్చేస్తాం. అలవాటు పడటానికి రెండు రోజులు. అంతే.


మే 26, ఆదివారం

వెళ్లి వచ్చాను. రేపు రాస్తాను.


మే 27

రాయలేదు.


మే 29, బుధవారం

ఇవాళ రాయాలి. ఇంకా ఆలస్యమైతే జరిగింది జరిగినట్టు కాక, నాకు అనువుగా గుర్తుంచుకుంటాను.

పొద్దున మొదటి బస్సుకు కొత్తగూడెం, అక్కడి నుంచి ఇల్లందు, అక్కడి నుంచి ఆటోలో కారేపల్లి వైపు. తండాకు రావద్దు, నేరుగా పందెం దగ్గరికే రమ్మన్నాడు కోటేష్. మొక్కజొన్న కోసేసిన చేను. మోళ్లు దున్ని, రోలరు తిప్పి, పొడవుగా ఒక బాట తీశారు. రెండు వైపులా తాళ్లు. అలవాటు కొద్దీ బాట మట్టం చూశాను. చివర కొంచెం ఎత్తుంది. నీళ్లు సరిగ్గా కొట్టలేదు, దుమ్ము లేస్తోంది.

జనం బాగానే వచ్చారు. చెరుకు రసం బండ్లు, మిరపకాయ బజ్జీలు, ఐసు డబ్బాలు. స్టేజీ మీద ఒక కొత్త ఫ్రిజ్ నిలబెట్టి దానికి దండ వేశారు. మొదటి బహుమతి. వెంకటనారాయణ గారి అబ్బాయి ఉదయ్ భాస్కర్ మైకు పట్టుకున్నాడు.

"అయ్యా, తాడు అవతలే ఉండండయ్యా. గుర్రానికి బ్రేకులుండవు. మీకు బుద్ధి ఉండాలి. తాతగారూ, మీరేనండి, ఎర్ర తువ్వాల, మీరు పోటీలో లేరు."

షామియానా కింద కమ్లి కనిపించింది. ఒళ్లో మోతీ. పసుపు గౌను, చేతులకు తండా పిల్లలు వేసుకునే పూసల గాజులు.

"ఎవరొచ్చిండ్రో చూడు మోతీ."

మోతీ చూసింది. కమ్లి భుజం వెనక ముఖం పెట్టుకుని మళ్లీ చూసింది. నవ్వింది. నవ్వేటప్పుడు ఎడమవైపు పెదవి ముందు లేస్తుంది, మిగతా నవ్వు తర్వాత వస్తుంది, సోనికి లాగే.

నేను బాట వైపు చూశాను. గుర్రాలెన్ని అని అడిగాను.

యూనిఫాం తీసి ఇచ్చాను. కమ్లి దాన్ని మోతీ వీపుకు ఆనించి చూసింది. మోకాళ్లకు చాలా పైకి ఉంది.

"పొట్టిగైతది అన్నా. ఎండాకాలంల పిల్లలు ఊకనే పెరుగుతరు."

"మార్చి తెస్తాను."

"అవ్, మారుస్తరు." మడత పెట్టి తన పక్కనున్న మూటలో పెట్టింది. అందులో మోతీ బట్టలన్నీ సర్ది ఉన్నాయి. అప్పగించడానికి సిద్ధంగానే వచ్చింది. నా వైపు చూడకుండా చెప్పుకుంటూ పోయింది. "పాలల్ల చక్కెర జర ఎక్కువ ఎయ్యాలె. పప్పు తింటది, వంకాయ తినదు. పండుకునేటప్పుడు చెవి పట్టుకుంటది."

"ఎవరి చెవి?"

"నాదే."

మూట ముడి ఇంకోసారి బిగించింది.

కోటేష్ గుర్రాన్ని తీసుకొచ్చాడు. తెల్లది. పెళ్లిళ్లకు కట్టే పూసల ముఖపట్టీ, కుచ్చులు, అద్దాల గుడ్డ అన్నీ తీసేశాడు. బక్కగా, ఎవరిదో గుర్రంలా ఉంది.

"నగలు తీసేసరికి సిగ్గుపడుతున్నది బావా," అన్నాడు. "నేనే ఎక్కుత. వేరేటోడు ఎక్కితే పెండ్లికొడుకు అనుకుంటది, నిమ్మళంగ నడుస్తది."

ముందు వరుసలో కూర్చున్న ముసలాయన తల తిప్పాడు. కమ్లికి తెలిసినవాడే, పోతయ్య అంది.

"ఏందిర కోటేషు, అది ఉరుకుతదా, లేకపోతే నడుమల పెండ్లిపిల్లోళ్ల ఇంటి కాడ ఆగి చాయ్ తాగుతదా?"

"తాతా, నీ కన్నయితే ముందే పోతది," అంది కమ్లి.

"నేనెట్లయినా పొయ్యేటోన్నే గదా. నాతోని పందెమెందుకు," అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వినట్టున్నాను.

ఐసు కొనిపెడతానంటే మోతీ నా దగ్గరికి వచ్చింది. నా వేలు ఒకటి పట్టుకుంది. తాడు దగ్గర నిలబడ్డాం. ఐసు రంగు మూతికంతా అంటుకుంది. గుర్రాల వైపు చూపించి "ఘోడో" అంది.

"గుర్రం," అన్నాను.

"గుర్రం," అంది, మర్యాదగా. కాసేపయ్యాక తనలో తాను "ఘోడో, ఘోడో" అనుకుంది.

ఇలా వారం రోజులు నాతో ఉంటే చాలు అనుకున్నాను. ఆ మాట నిజంగా అనుకున్నాను. ప్రమీలారాణి గారి మనవరాలితో ఆడుకుంటుంది, సాయంత్రం కరకట్ట మీదికి తీసుకెళ్తాను, గోదావరి చూపిస్తాను. చాలా రోజుల తర్వాత రేపటి గురించి ఆలోచించాను.

జెండా దించారు.

దుమ్ములో మొదట ఏమీ కనిపించలేదు. చప్పుడే వచ్చింది, కాళ్ల కింది నుంచి. ఉదయ్ భాస్కర్ గొంతు అందుకుంది.

"వచ్చాయండి, వచ్చాయి. ముందు సత్తుపల్లి ఎర్ర గుర్రం, ఆనుకుని ఇల్లందు వారి నల్లది, ఆగండాగండి, ఆ తెల్లదెవరిదండి? కారేపల్లి కోటేష్ గారిది. అబ్బబ్బ. మొన్నటిదాకా పెళ్లికొడుకుల్ని మోసిందండి, ఇవాళ వాళ్లెవరూ లేరని దాని సంతోషం చూడండి."

తెల్ల గుర్రం నిజంగానే దాటుతోంది. కోటేష్ దాని మెడ మీద పడుకున్నట్టు ఉన్నాడు. ఎర్రదాన్ని దాటింది. దాని కళ్లు కనిపించాయి నాకు. అది మా ముందు నుంచి వెళ్లేటప్పుడు నా ఒంట్లోంచి ఏదో లేచింది. అరిచాను. "కోటేషూ, కొట్టు, కొట్టు" అని అరిచాను. రెండు చేతులూ పైకెత్తి అరిచాను. సెప్టెంబరు తర్వాత నా గొంతు అంత పెద్దగా నేను వినలేదు.

రెండు చేతులూ పైకెత్తాను.

ముగింపు గీత దగ్గర కోటేష్ మనుషులు, బారాత్‌లలో అతనితో తిరిగే డప్పుల వాళ్లు, వరుసగా నిలబడి ఉన్నారు. గెలిచాక ఊరేగిద్దామని డప్పులు కాచుకుని వచ్చారు. గుర్రం ముందంజలో ఉండటం చూసి ఆగలేకపోయారు. గీతకు ఇంకా కొంత దూరం ఉండగానే తీన్మార్ అందుకున్నారు.

గుర్రం ఆగిపోయింది.

ఉరుకుతున్నది ఉరుకుతున్నట్టే ఆగింది. తల దించింది. ముందు కాలు ఒకటి లేపింది, దించింది, రెండోది లేపింది. ఆడటం మొదలుపెట్టింది. ఇన్నేళ్లుగా డప్పు వినగానే ఏం చేయాలో దానికి నేర్పినది అదే.

"ఆపుర్రి. కొట్టుడు ఆపుర్రిరా," అని కోటేష్ గుర్రం మీద నుంచి మొత్తుకుంటున్నాడు. డప్పుల హోరులో వాళ్లకు వినబడలేదు. కోటేష్ చేతులు ఊపుతుంటే ఉత్సాహంతో ఊపుతున్నాడనుకుని ఇంకా గట్టిగా కొట్టారు. ఎర్రది పోయింది. నల్లది పోయింది. వెనక బడ్డ ముసలి గుర్రం ఒకటి కూడా తీరిగ్గా దాటిపోయింది.

"అయ్యా, పందెం అయిపోయిందండి, బారాత్ మొదలైందండి," అన్నాడు ఉదయ్ భాస్కర్.

జనం తాడు తెంచుకుని బాట మీద పడ్డారు. కొందరు ఈలలు, కొందరు చిందులు. అలవాటు ప్రకారం గుర్రం నోటికి పది రూపాయల నోట్లు అందిస్తున్నారు, అది పళ్లతో తీసుకుంటోంది. పోతయ్య "చెప్పిన గదా, చాయ్ తాగే గుర్రమని" అంటూ కర్ర పట్టుకుని అటే పోతున్నాడు. నన్ను అటూ ఇటూ తోశారు. నేను ఇంకా నవ్వుతున్నాను.

అప్పుడు చేతులు దించాను. పక్కన మోతీ లేదు.

మొదట కమ్లి దగ్గరికి వెళ్లి ఉంటుందనుకున్నాను. కమ్లి షామియానాలో లేదు, జనంతో పాటు గుర్రం వైపు పోయింది. చెరుకు రసం బండి వెనక చూశాను. ట్రాక్టర్ల కింద వంగి చూశాను. చేను చివర బావి ఉందా అని ఒకతన్ని అడిగాను. ఉంది అన్నాడు. దాని దగ్గరికి పరిగెత్తాను. చుట్టూ గోడ ఉంది. అయినా లోపలికి చూశాను. నీళ్లు చాలా కిందున్నాయి.

అక్కడుండగానే మైకు వినిపించింది.

"ఇక్కడ స్టేజీ దగ్గర ఒక పాప ఏడుస్తోందండి. పేరడిగితే చెప్పట్లేదు. నాన్న పేరు కోటేష్ అంటోంది. కోటేష్ గారు ఎక్కడున్నా వెంటనే రావాలి."

విన్నాను. మన పాప కాదు అనుకున్నాను. ఈ చుట్టుపక్కల ప్రతి ఊరికీ నలుగురు కోటేష్‌లుంటారు. పిల్లను ఇంత జనంలో వదిలేసి ఏం చేస్తున్నాడో ఆ తండ్రి అని కూడా అనుకున్నాను. ఇది రాయకుండా ఉండాలనిపించింది, రాశాను.

బజ్జీల బండి దగ్గర మళ్లీ అడిగాను, పసుపు గౌను, నాలుగేళ్ల పాప అని. లేదన్నారు. మైకు మళ్లీ.

"కోటేష్ గారండీ, మీ అమ్మాయి. గుర్రం కోటేష్ అంటోంది. అయ్యా, ఇప్పుడు డాన్సు చేసిన గుర్రం మీదేనటగా. గుర్రాన్ని కాసేపు ఆడనిచ్చి కూతుర్ని తీసుకెళ్లండి బాబూ."

జనం నవ్వారు.

నేను బజ్జీల బండి పట్టుకుని కాసేపు నిలబడ్డాను. నూనె చిట్లుతోంది, జరగమన్నాడు అతను. జరిగాను.

స్టేజీ మీద బల్లపై కూర్చోబెట్టారు మోతీని. ఎవరో బిస్కెట్ ఇచ్చారు. ఏడుపు ఆగి వెక్కిళ్లు మిగిలాయి. నన్ను చూసింది. గుర్తుపట్టింది, ఐసు కొనిపెట్టినవాణ్ణి కదా. చేతులు చాపలేదు. నా వెనకకు చూసింది, ఇంకెవరైనా వస్తున్నారేమోనని. బాపు ఏడని అడిగింది, మా భాషలో.

"మీరెవరండి?" అన్నాడు ఉదయ్ భాస్కర్. మర్యాదస్తుడే. మైకు పక్కకు పట్టుకుని అడిగాడు.

చెప్పడానికి ఒక్క మాట చాలు. జేబులో ఫోన్ ఉంది, అందులో ఫోటోలున్నాయి, సోని ఉంది, అన్నప్రాసన ఉంది. చూపిస్తే అయిపోయేది. కానీ మోతీ నా వైపే చూస్తోంది. నేను చెప్పబోయే మాట తనకు తెలిసిన మాట కాదు. అందరి ముందు తను కాదని తల ఊపితే.

"పిల్లకు మామనవుతాను," అన్నాను. "వాళ్ల నాన్న వస్తున్నాడు."

"ఏమనుకోకండి. తండ్రి చేతికే ఇస్తాం. ఇంత జనం కదా."

"మంచి పని," అన్నాను. పక్కకు వచ్చి నిలబడ్డాను.

కోటేష్ గుర్రాన్ని ఎవరికో అప్పగించి పరిగెత్తుకొచ్చాడు. ఒళ్లంతా దుమ్ము. మోతీ బల్ల మీద నుంచే దూకింది. అతని మెడ చుట్టూ చేతులు వేసి, చెవి పట్టుకుని, అప్పుడు ఏడ్చింది. అసలు ఏడుపు. ఇందాక ఏడ్చింది అది కాదు.

"తండ్రి దొరికాడండి," అన్నాడు ఉదయ్ భాస్కర్ మైకులో. చప్పట్లు కొట్టారు.

బస్సు వేళకు రోడ్డు దగ్గరికి నడిచాం. కమ్లి మూట పట్టుకుంది. కోటేష్ భుజం మీద మోతీ నిద్రపోయింది. అతను చాలాసేపు గుర్రం గురించే మాట్లాడాడు.

"ఫ్రిజ్ చేతికొచ్చినట్టే వచ్చి పాయె బావా. దాని తప్పు లేదు. డప్పు కొడితే ఆడకపోతే నేనే కొట్టేటోన్ని." తర్వాత ఆగాడు. "గా మైకు మాట మనసుల పెట్టుకోకు. చిన్నపిల్ల. తండాల పోరగాండ్లందరు నన్ను బాపు అంటరు, ఇదీ గట్లనే అంటది."

తండాలో పిల్లలు అతన్ని కోటేషన్న అంటారు. నాకు తెలుసు. నాకు తెలుసని అతనికీ తెలుసు.

బస్సు దూరంగా కనిపించింది. కోటేష్ మోతీని లేపకుండా నా భుజం మీదికి మార్చబోయాడు.

"ఇప్పుడు వద్దు," అన్నాను.

"గదేంది బావా. సీటు మాట్లాడినవ్ గదా."

"వానలొస్తే నేను ఊళ్లు పట్టుకు తిరగాలి. ఇంటిపట్టున ఉండను. ఇక్కడే బడిలో వెయ్యండి. దసరా తర్వాత చూద్దాం."

"నిజంగనే అంటున్నవా?"

"అవ్."

కమ్లి మూటను నేల మీద పెట్టింది. సంతోషపడటానికి సిగ్గుపడుతున్నట్టు తల తిప్పుకుంది. పాపం, నన్ను చూసి కూడా బాధపడాలి, రెండూ ఒకేసారి ఎలా చేయాలో తెలియక "నీళ్లు తాగుతవా అన్నా" అంది. తాగాను.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది.


జూన్ 2, ఆదివారం

ప్రమీలారాణి గారు పాప ఏదని అడిగింది. దసరా తర్వాత అన్నాను. మంచిదే లెండి, అంది. ఎవరికి మంచిదో చెప్పలేదు.

మంచం గోడ దగ్గరే ఉంది. జరపలేదు.


జూన్ 7

ఇది తాత్కాలికమే. అక్కడ గాలి మంచిది. పాలు దొరుకుతాయి. నేను ప్రతి రెండు వారాలకూ వెళ్తాను.

వెళ్తానా?


జూన్ 12, బుధవారం

సాయంత్రం నేనే ఫోన్ చేశాను. కోటేష్ ఎత్తాడు.

"పోయొచ్చింది బావా. ఏడ్వలే. పంతులమ్మ ఒళ్లనే కూసున్నదట. ఇగో, మాట్లాడు." ఫోన్ చేతులు మారిన చప్పుడు. వెనక కమ్లి గొంతు, "ఎవరో చూడు, మాట్లాడు తల్లీ" అని.

"మామా," అంది మోతీ.

వెనక కమ్లి గుసగుసగా, "మామ కాదే..." అంటోంది.

"ఆఁ, మామనే," అన్నాను. "బడి ఎట్లుంది?"

చెప్పింది. పంతులమ్మకు పెద్ద బొట్టుందట. పక్కన కూర్చున్న పిల్ల పలక మీద ఉమ్మేసిందట. అన్నంలో గుడ్డు పెట్టారట, పసుపుది తినలేదట. సగం తెలుగు, సగం మా భాష. నేను ఎక్కడా సరిదిద్దలేదు. నాతో ఇంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా "మామా, ఇంకా..." అని అందుకుంది.

తర్వాత కమ్లి ఫోన్ తీసుకుంది.

"అన్నా, నేను చెప్త. రోజూ చెప్త. డాడీ అనాలెనని నేర్పిస్త."

వద్దన్నాను. ఆ పిలుపుతోనైతే నాతో మాట్లాడుతోంది.